వెతికినంత కాలం

నూకన్న బోటు పోయిన రోజున సముద్రం అద్దంలా ఉంది. తుఫాను వచ్చి ఉంటే డిగ్నాబాద్ జాలరిపేట జనానికి చెప్పుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. బోటు దొరకలేదు, మనిషీ దొరకలేదు.

మూడో నెలలో కులపెద్ద అసిరయ్య వచ్చి, నూకన్న తండ్రి మల్లేశు ఎదురుగా కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడ్డ నూకన్న భార్య కామమ్మ వైపు చూడకుండా మాట్లాడాడు.

“వాడి పేరున గడ్డిబొమ్మ చేసి కాల్చేద్దాం మల్లేశూ. పిల్లని ఒడ్డున కూకోబెట్టి గాజులు తీయించేద్దాం. ఇంకెన్నాళ్లు?”

“వెతుకుతున్నాం కదా,” అన్నాడు మల్లేశు.

ఆ మాట విని అసిరయ్య లేచి వెళ్లిపోయాడు. సముద్రంలో పోయినవాడిని ఇంటివాళ్లు వెతుకుతున్నంత కాలం పెళ్లాం గాజుల జోలికి ఎవరూ వెళ్లకూడదు. సొంత ఊళ్లు విడిచి ఈ దీవులకు వలసొచ్చినా పేటవాళ్లు ఆ కట్టు విడవలేదు. కామమ్మకు ఇరవై రెండేళ్లు.

మల్లేశు చాతం రంపపు మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. అతనూ, భార్య గవరమ్మా పాస్‌పోర్టులు తీయించుకున్నారు. తప్పిపోయిన బోట్లు కొట్టుకుపోయేది బర్మా వైపే కనుక ముందు రంగూన్ వెళ్లారు. పది రోజులకు మల్లేశు గుండుతో తిరిగొచ్చాడు.

“జుట్టేదీ?” అంది పక్కింటి అప్పలకొండమ్మ.

“పిల్లడు దొరకాలని, దారిలో కలకత్తా కాళికి ఇచ్చేశాడు వదినా,” అంది గవరమ్మ.

“కొడుకు రాలేదు, ఉన్న జుట్టూ పోయింది,” అని అప్పలకొండమ్మ కుళాయి దగ్గర నలుగురికీ చెప్పింది.

రంగూన్ ఎలా ఉందంటే చూడ్డానికేమీ లేదన్నారు. తర్వాత బ్యాంకాక్ వెళ్లారు. అక్కడి నుంచి వచ్చాక మాత్రం ఆ ఇద్దరి నోళ్లూ మూతపడలేదు. ఇప్పుడు సింగపూర్ నుంచి దిగారు. మర్నాడు పొద్దున్నే వరండా నిండింది. నూకన్న కబురు కోసం వచ్చామన్నారు గానీ, టీ గ్లాసులు చేతికొచ్చాక అందరూ సింగపూర్ సంగతే అడిగారు.

“అదీ మనలాగే దీవే వదినా,” అంది గవరమ్మ. “కాకపోతే అక్కడ ఓడ ఎప్పుడొస్తుందోనని ఎవరూ చూడరు. ఓడలే మనుషుల కోసం చూస్తుంటాయి.”

“రోడ్డు మీద ఉమ్మితే జరిమానా,” అన్నాడు మల్లేశు.

“మరి నీ కిళ్లీ?” అన్నారెవరో.

“జేబులోనే ఎండిపోయింది.”

వరండా అంతా నవ్వింది. “బ్యాంకాక్‌లో బుద్ధుడు పడుకునే ఉంటాడన్నారు. సింగపూర్ దేవుడో?” అంది అప్పలకొండమ్మ.

“అక్కడ అమ్మవారుంది, మన గుడి లాగే,” అంది గవరమ్మ. “ కానీ పూజారి కూడా క్యూలోనే నడుస్తాడు.”

అసిరయ్య నవ్వలేదు. “క్యా భయ్యా, గుళ్లూ గోపురాలూ అయ్యాయి. పోలీసుల దగ్గరికి వెళ్లావా?”

“వెళ్లాం. చూస్తామన్నారు.”

“ఏ ఠాణా?”

“పెద్దదే.”

“పేరు?”

మల్లేశు గవరమ్మ వైపు చూశాడు. “వాళ్ల భాషలో రాసుంది,” అంది గవరమ్మ.

“సింగపూర్‌లో తెలుగులో రాస్తారేటి మరి?” అంది అప్పలకొండమ్మ. “ఒదినే, కొడుకు పేరు చెప్పి బాగానే షికారు చేస్తున్నారు. నా కొడుకులూ ఉన్నారు, ఒక్కడూ నన్ను పక్కనున్న హేవ్‌లాక్ దీవికైనా తీసుకెళ్లలేదు.”

ఖాళీ గ్లాసులు తీస్తున్న కామమ్మ ఆగిపోయింది. ఆమె చేతి గాజుల చప్పుడు కూడా ఆగింది.

అసిరయ్య లేచాడు. “వెతికేవాడి చెప్పులు అరుగుతాయి. నీవి కొత్తవి. వచ్చే అమావాస్యకి పని కానిచ్చేద్దాం.”

“కౌలాలంపూర్ ఇంకా ఉంది,” అన్నాడు మల్లేశు.

“ఆ తర్వాత జపానా?”

“చూడాలి.”

“నవ్వులాట కాదు మల్లేశూ. నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. వెతుకుతున్నావా?”

కామమ్మ మామగారినే చూస్తోంది. మల్లేశు అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు మీద చెయ్యి పెట్టాడు.

“వెతుకుతున్నాం.”

అసిరయ్య కండువా దులిపాడు. “ఈ ఒక్క ఊరే. తిరిగొచ్చాక నన్ను అడగొద్దు.”

జనం వెళ్లిపోయారు. షికారు మొగుడూ పెళ్లాలని అప్పలకొండమ్మ పెట్టిన పేరు గేటు దాటక ముందే అందరి నోళ్లలో పడింది. గవరమ్మ సంచిలోంచి డజను ఎర్ర గాజులు తీసి కోడలి ముందు పెట్టింది.

“అత్తా, కౌలాలంపూర్‌లో ఉంటాడంటావా?”

“ముందు ఇవి వేసుకో. సరిపోయాయో లేదో చూడాలి.”

కామమ్మ ఒక్కొక్కటే ఎక్కించుకుంది. సరిపోయాయి. కౌలాలంపూర్ అత్తా మామలకు బాగా నచ్చుతుందేమో అనుకుని నవ్వి, గ్లాసులు కడగడానికి వెళ్లింది.

రంగూన్‌లో నూకన్నకు కొరివి పెట్టిన సంగతి వాళ్లు ఆమెకు ఇంకా చెప్పలేదు.