ఆఖరి డిక్టేషన్

టైపిస్టు అమ్మాయి పోయాక, రికార్డర్‌లోని డిక్టేషన్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ప్లీడరుగారి మీదే పడింది. ఒక కేసులో సాక్ష్యం తారుమారు చేసింది ఆయనే. నింద మాత్రం ఆమె నెత్తిన రుద్దారు. ఆమె ఆయన ఆఫీసు గదిలోనే ఉరేసుకుంది.

ఒక రాత్రి అదే గదిలో ఫైళ్లన్నీ ఎక్కాక చివరిది తెరిచారు. గొంతు ఆయనది కాదు, ఆమెది. అచ్చం ఆయన డిక్టేషన్ ఇచ్చే తీరులోనే చెబుతోంది.

"సారు ఒక్కరే ఉన్నారు, కామా, తలుపు గడియ పడింది, ఫుల్‌స్టాప్."

వెనకాల గడియ పడింది.

ఆయన రికార్డర్ కేబుల్ పీకేశారు. గొంతు ఆగలేదు.

"తప్పయిపోయిందమ్మా అన్నారు, ఫుల్‌స్టాప్."

"తప్పయిపోయిందమ్మా!" అనేశారాయన.

"కొత్త పేరా," అంది ఆమె, ఈసారి చెవి పక్కనే. "మీలా గబగబా చెప్పను సార్. మెల్లగా చెబుతాను."