పటంలో డొంక

హలో, వినపడుతోందా అందరికీ? ఎండలో ఉన్నవాళ్ళు కాస్త నీడకి జరిగి వినండి. ఇది ఎండలో జరిగిన కథే. అరవై రెండో సంవత్సరం, చిట్టమూరు దాటి సముద్రం తట్టు.

"ఎవురయ్యా నువ్వు? నా కయ్యలో జెండా పాతేది ఎందికి?"

జయరామయ్య గట్టు మీద నుంచే కేకేశాడు. కోత అయిపోయి నెర్రెలిచ్చిన పొలంలో ఒక మనిషి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, వెదురుపుల్లకి కట్టిన జెండా గుచ్చుతున్నాడు. మెడలో దిక్కులు చూసే డబ్బీ వేలాడుతోంది. చంకలో చుట్టిన పటం.

"నమస్కారం పెద్దాయనా. నా పేరు పరంజ్యోతి. నెల్లూర్లో బడి అయివార్ని. స్కౌటు పిల్లకాయల్ని తీసుకొచ్చినాను. రేపు పొద్దున ఈడ ఆట పెడతా ఉండాం."

"ఏం ఆట?"

"పటం చూసుకుంటా, దిక్కు చూసుకుంటా, జెండాలు యాడుండాయో వెతుక్కోవాల. ముందు అన్నీ పట్టినోళ్ళు గెలిచినట్టు."

"జెండాలు పాతింది నువ్వే గదా. యాడ పాతినావో నువ్వే చెప్తే పోలా? ఈ ఎండల్లో బిడ్డల్ని పరిగెత్తించేది ఎందికి?"

అయివారు నవ్వాడు. జయరామయ్య నవ్వలేదు. భూములకి సీలింగు చట్టం వచ్చిన కొత్త అది. జెండాలు పాతి పటాలు విప్పేవాళ్ళు ఎవరో ఆ చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. సర్వేవాళ్ళు.

అయివారు పటాన్ని నేల మీద పరిచాడు. ఒకచోట వేలు పెట్టి, తలెత్తి చుట్టూ చూశాడు.

"ఊర్లో నుంచి మంచినీళ్ళు ముంచుకునే దొరువు దాకా ఈడ ఒక డొంక ఉండాలే. పటంలో ఉండాది. యాడుంది?"

డొంక అయివారి కాళ్ళ కిందే ఉంది. బండ్లబాట అది, గవర్నమెంటుది. జయరామయ్యే రెండు కొసలా కంప కొట్టి, దున్నేసి, కయ్యలో కలుపుకున్నాడు. ఆయన నోటికి జడిసి ఊళ్ళో ఎవరూ అడగలేదు.

"పాత పటం అయ్యుంటాది," అన్నాడు.

"అయ్యుండొచ్చు. రేపు మా పెద్దసారు జీపులో వస్తాడు. ఆయన్ని అడుగుతాం."

జీపు మాట విన్నాక జయరామయ్య అక్కడ నిలబడలేదు.

ఇంట్లో పెళ్ళాం చెంచులక్ష్మి సంగటి ముద్ద పెడుతూ అంతా విన్నది.

"ఆటేనేమో," అంది.

"ఆటంట ఆట. బుద్ధుండే మనిషి ఎవుడన్నా మిట్టమద్దేనం కయ్యల్లో గుడ్డముక్కలు పెట్టుకుంటా తిరగతాడా మే?"

"అదీ నిజమే. ఆటకైతే డొంక సంగతి ఎందికి?"

"అదే గదా నేననేది. ఎవుడో అర్జీ పెట్టినాడు. ఆ చెంచయ్యే అయ్యుంటాడు."

"చెంచయ్యకి వేలిముద్రే గదా."

"అయితే హజరత్తయ్య."

"ఆయన పాపం మనింటికి వస్తా పోతా ఉండే మనిషి."

"అట్టా వస్తా పోతా ఉండేవోళ్ళే పెట్టేది."

చెంచులక్ష్మి మజ్జిగ పోసింది. "ఎవురు పెడితే ఏందిలే. డొంక ఒకటే తీసుకుంటారో, కలుపుకున్నందుకు కయ్య గూడా తీసుకుంటారో."

జయరామయ్య కంచం పక్కకి జరిపాడు. ఆమే నెమ్మదిగా అంది. "జీపు వొచ్చేసరికి డొంక డొంకమాదిరే ఉంటే అడిగేదెవురు?"

కూలోళ్ళని పిలిస్తే బయటికి పొక్కుతుంది. జయరామయ్య ఒక్కడే పార భుజాన వేసుకున్నాడు. ఎండిన నేల కాళ్ళు కాలుస్తోంది. కంప లాగుతుంటే ముళ్ళు అరచేతుల్లో దిగాయి. గట్లు తెగ్గొట్టాడు, చాళ్ళు పూడ్చాడు. చెంచులక్ష్మి నీళ్ళ చెంబుతో వచ్చి నిలబడి, "ఇంకాస్త వెడల్పు తియ్యరాదా. పటంలో ఎంతుందో ఏమో," అంది. అదీ తీశాడు. పొద్దుగూకేసరికి నడుం వంగనని మొరాయించింది.

తెల్లారింది. ఖాకీ నిక్కర్ల పిల్లకాయలు అరుచుకుంటూ, జారిపడుతూ డొంక మీద పరుగులు తీశారు. జీపు వచ్చింది. అందులోంచి దిగిన లావుపాటాయన ఈల ఊదాడు, గెలిచినవాళ్ళకి చప్పట్లు కొట్టించాడు, చెమట తుడుచుకుంటూ మళ్ళీ జీపెక్కాడు. చేతులు కట్టుకుని నిలబడిన జయరామయ్య వంకైనా చూడలేదు.

నిజంగానే ఆట.

జయరామయ్యకి ఒళ్ళు మండిపోయింది. అప్పటికే ఆడవాళ్ళు బిందెలతో డొంక మీద వచ్చేస్తున్నారు. ఒకావిడ ఆగి దండం కూడా పెట్టింది. వీళ్ళని ఇప్పుడే ఆపాలి, కంప ఎక్కడికీ పోలేదు కదా అనుకుని, దాన్ని ఈడ్చే పంగలకర్ర కోసం గడ్డివామి దగ్గరికి నడిచాడు. వామికి అవతల నుంచి అయివారి గొంతు వినపడింది.

"మీరు చెప్పినట్టే పటం పరిచి డొంక యాడని అడిగినానమ్మా. ఒక్క మాట అబద్ధమాడలేదు. కానీ ఆయన మళ్ళా కంప కొడితే ఎట్ట?"

"కొడితే మళ్ళా ఒక ఆట పెట్టండి అయివారూ." ఆ గొంతు చెంచులక్ష్మిది. "బిందెలెత్తుకుని ఊరు చుట్టూ తిరిగి తిరిగి మా ఆడోళ్ళ నడుములు పడిపోయినాయి. సరేగానీ, మా అన్న గూడా వాళ్ళూర్లో ఒక డొంక కలుపుకున్నాడు. ఆడికి ఎప్పుడొస్తారు?"

అంతే కథ. మీ ఊళ్ళో కూడా బాట కలుపుకున్న పెద్దమనిషి ఎవరన్నా ఉంటే, దీన్ని ఆయనకి పంపొద్దు. ఆయన ఇంటావిడకి పంపండి.