బాతు నడక

మోకాలి ఆపరేషనై నెల దాటినా మంచం దిగనని భీష్మించుకు కూర్చున్నాను. డాక్టరు బతిమాలాడు, మా ఆవిడ బతిమాలింది. ఊహూఁ.

ఆ రోజు వంటింట్లోంచి కేకేసింది. "ఏవండీ, ఈ ఇంగ్లీషు గళ్ళనుడికట్టులో 'వాడిల్' అనుంది. అంటే ఏంటి?"

ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. "బాతులా ఊగుతూ నడవడం."

"ఇలాగా?" అంటూ గుమ్మంలోకొచ్చి కుందేల్లా గెంతింది.

"నీ మొహం! పాదాలు ఎడంగా పెట్టాలి, ఒళ్ళంతా ఊగాలి."

"ఇలాగా?" ఈసారి గుర్రం.

కళ్ళముందు పాఠం తప్పుతుంటే ఏ మాస్టారు కూర్చోగలడు? చేతికర్ర అందుకుని లేచాను. ఊగుతూ, మూలుగుతూ, తిట్టుకుంటూ వంటింటి బల్లదాకా నడిచి చూపించాను.

"అర్థమైందా, మొద్దూ?"

"ఇప్పుడు బాగా అర్థమైందండీ," అని పొయ్యి వైపు తిరిగింది.

బల్లమీద పేపరుంది. నిన్నటిది. గళ్ళన్నీ ఆవిడే నింపేసింది. వాడిల్ అందులో లేనేలేదు. అంచున ఆవిడ చేతిరాత:

"ఈరోజు వాడిల్, వంటింటిదాకా. రేపు హాబుల్, కుంటుతూ, వీధి గుమ్మందాకా. ఆదివారం స్ట్రట్, ఛాతీ విరుచుకుని, వీధి చివరిదాకా."

చూడనట్టే వెనక్కి తిరిగాను, బాతులాగే.