పలక తాడు

“మా తాడు కోసినోడివి నువ్వే!”

రమాకుమారి తెగిన తాడు ముక్కను లలిత్ ముఖం ముందు పెట్టింది. హుగ్లీ నది ఒడ్డున, గార్డెన్ రీచ్ సెయిలింగ్ క్లబ్ మెట్ల మీద రెండు తెరచాప పడవలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి రమ, ఆమె అన్న సుందర్ కలిసి నడిపేది. రెండోది లలిత్‌ది. ఈ ఉదయం పందెంలో గెలిచిన పడవే జాతీయ పోటీలకు ముంబై వెళ్తుంది.

లలిత్ తాడు కొస చూశాడు. “నేనెందుకు కోస్తాను?”

“కిందటి పందెంలో మా ఎనకొచ్చినావు గదా, అందుకు. చూడు, అరిగి తెగింది కాదు. కత్తితో కోసింది.”

అది నిజమే. కొస నున్నగా ఉంది. పడవ నడుమ సందులోంచి నీళ్లలోకి దిగే పలకను పైకి లాగే తాడు అది. పలక దిగితేనే పడవ గాలికి పక్కకు జారదు. దాన్ని పైకి లాగలేకపోతే ఒడ్డున బురదలో దిగబడుతుంది, పడవ కదలదు. హుగ్లీ ఆటు మీద ఉంది. మెట్ల కింద అంతా బురదే.

“పలక సంగతి మీ అన్నయ్యే కదా చూస్తాడు? ఆయన్ని అడుగు,” అన్నాడు లలిత్.

“మా అన్ననంటావేటి? నిన్నంతా ఆ సందులో బురద గీకినాడు. కప్పీకి నూనె ఏసినాడు. అలాటోడు కోస్తాడా?”

“నేనలా అనలేదు.”

“మీ నాన్న పోర్టులో ఆఫీసరని నిన్నెవడూ అడగడనుకున్నావేటి?”

“మా నాన్న ఊసెందుకు? అనుమానముంటే కమిటీకి చెప్పుకో.” లలిత్ తెరచాప తేవడానికి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

రమ సుందర్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. నదిలో మిగతా పడవలు బారు కడుతున్నాయి.

ఆమె తన పడవలోంచి కత్తి తీసింది. లలిత్ పడవలోకి వంగి అతని పలక తాడును కోసింది. పలక జారి రాతి మెట్టుకు కొట్టుకుంది.

సుందర్ ఆటో దిగి పరుగెత్తుకొచ్చాడు. చంకలో సంచి ఉంది. ముందు లలిత్ పడవనే చూశాడు.

“ఓలమ్మీ, దీన్నెవడు కోసినాడు? పొద్దున్నే మనదానితోబాటు దీన్నీ నాను పట్టి చూసినాను, బంగారం లాటి తాడు!”

“నానే కోసినాను.”

“బుర్రుందా నీకు?” సుందర్ అరిచాడు. “ఎదుటోడి తాడు కోస్తావా? తెలిస్తే మనిద్దర్నీ మళ్లీ పడవెక్కనిస్తారేటి?”

“నానెందుకు ఊరుకోవాలి? ముందు ఆడు మనది కోసినాడు!”

షెడ్డు తలుపు దగ్గర లలిత్ కనిపించాడు. భుజాన తెరచాప ఉంది.

సుందర్ సంచిలోంచి కొత్త తాడు చుట్ట తీసి చెల్లెలి కాళ్ల ముందు విసిరాడు. “మనది లోపల కుళ్లిపోయింది. దాన్ని మళ్లీ ఎవుడూ కట్టకుండా, నాను పనిచేసే ఓడల డాకులో పాడైన తాళ్లు కోసీసినట్టే, నానే కోసీసి ఖిదిర్‌పూర్ బజారుకు పోయి ఇది తెచ్చినానే!”