నారప్ప ఫాగోతం

"ఇది లైటా, లైటుగా ఉండే వస్తువా?"

నారప్ప ఆ ఫాగ్ లైటును చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి, మళ్లీ బల్ల మీద పడేశాడు. పావగడ బస్టాండు వెనక, సీతారామ్ స్పేర్ పార్టుల అంగడిలో పొద్దున్నుంచీ ఇదే వరస.

"ఎల్ఈడీ నారప్పన్నా. ఇప్పుడు అందరూ ఇదే కొంటాండారు," అన్నాడు సీతారామ్. స్విచ్చి నొక్కాడు. నీలం, ఎరుపు, తెలుపు ఒకదాని వెనక ఒకటి కన్ను కొట్టాయి.

"నేనడిగింది మంచుకు. పెండ్లి ఊరేగింపుకు కాదు."

"తెల్లది చూడు మరి. వేసినావంటే కండ్లు పోతాయి."

"ఎవరివి? మంచూ తెలుపే, లైటూ తెలుపే. పాలల్లో సున్నం కలిపి, యాడుండాదో చూడప్పా అన్నట్టుంటాది. పచ్చవి తీయి."

సీతారామ్ నిట్టూర్చి, అటక మీద నుంచి దుమ్ము పట్టిన పెట్టె దించాడు. లోపల పసుపు అద్దాల జత. ఇనప బ్రాకెట్లు, బరువైన ఒళ్లు.

"పాత హాలోజెన్. వెలుగు మెత్తగుంటాది. దూరం పోదు."

"దూరం ఎవరికి కావాల? దగ్గరికొచ్చినోనికి హలో అంటే చాలు. వారంటీ ఉండాదా?"

"ఆరు నెలలు."

"పేరు చూసి వారమే అనుకుంటి."

సీతారామ్ నవ్వాడు. నారప్ప నవ్వలేదు. కొన్నాళ్లుగా ఆయన నోట మాట వస్తే రోతగానే వస్తోంది.

కూతురు ఆశది సోలార్ పార్కులో పలకలు కడిగే పని. ఎండెక్కితే పలక ముట్టుకోలేరు. అందుకే ఆడవాళ్లంతా చీకటితోనే కంట్రాక్టరు బండి ఎక్కాలి. వెంకటమ్మనహళ్లి నుంచి పార్కుకు పోయే దారి ఒకచోట పాడుబావిని ఒరుసుకుంటూ మలుపు తిరుగుతుంది. బావికి గోడ లేదు. పోయిన సోమవారం మంచులో బండి ముందు చక్రం ఆ అంచు దిగింది. లోపలున్నవాళ్లు గొంతు చించుకుని అరిస్తే ఆగింది. ఆ పూట ఆశ అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండానే లేచింది.

"పని మానుకోమ్మా," అన్నాడు నారప్ప.

"నేను మానితే నా సీట్లో ఇంకొకామె కూర్చుంటాది, నాయనా. బావి ఆడనే ఉంటాది కదా."

బావి చుట్టూ ముళ్లకంప వేశాడు. రెండో రోజుకే ఎవరి పొయ్యిలోకో పోయింది. సున్నం కొట్టిన రాళ్లు పాతాడు. మంచులో అవీ మంచే అయ్యాయి. కంట్రాక్టరు దగ్గరికి పోయి లైట్ల సంగతి ఎత్తాడు. ఆయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ విన్నాడు.

"మంచు ఎన్నాళ్లుంటాదప్పా? ఆ మాత్రానికి బండికి సింగారమా?" అని, పుల్ల మొనకు ఇరుక్కున్నదాన్ని తేరిపార చూసుకుని, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

నారప్ప లైట్లు కొనడానికి తానే పావగడకు బయలుదేరాడు.

లైట్లు బిగించడానికి వై.ఎన్.హొసకోట నుంచి ఎలక్ట్రీషియన్ ఓబళప్ప వచ్చాడు. నారప్ప పాత వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. నారప్ప జన్మలో నమ్ముకున్నవి రెండే, వాన, వ్యాన్. రెండూ ఆయన్ను ఒకే తీరుగా ముంచాయి. తలుపు లాగితే ఎలుకల కంపు గుప్పుమంది. ఓబళప్ప భుజం మీది తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నాడు.

"వైర్లన్నీ కొరికి పెట్టినాయి. బంపర్ ముట్టుకుంటే రాలతాంది. దీనికి ఇంత మంచి లైట్లా నారప్పన్నా? ముసలామెకు ముక్కుపుడక మాదిరి ఉండాది."

"ముక్కుపుడక కాదప్పా. కండ్లద్దాలు."

"ఈ వయసులో ఆమె చదివేదేం ఉండాది?"

"నీకు చెప్పేదేం లేదు గానీ, తుప్పు గీకి కొత్త పట్టీ వేసి బిగించు. కిందికి. ఇంకా కిందికి. ఎదురొచ్చేవాని కండ్లల్లో పడకూడదు."

ఓబళప్ప నేల మీద పడుకుని బోల్టులు బిగించాడు. ఎలుక పెంటికలు జుట్టులో రాలాయి. పళ్లు బిగబట్టి తిట్టుకున్నాడు.

"ఎడమ దాన్ని బావి గట్టుకు తిప్పు," అన్నాడు నారప్ప.

"అందరూ నేరుగా ముందుకు కొట్టించుకుంటారు."

"అందరూ బావిలో పడతారా?"

ఓబళప్ప తిప్పాడు. కొత్త వైరు లాగాడు, రిలే పెట్టాడు. "బ్యాటరీ నిలుస్తాదా?"

"పైన పలక కట్టినా కదా. మన ఎండ రాష్ట్రమంతా కరెంటు పంచుతాంది. నాకు రెండు దీపాలకు ఇయ్యదా?"

"హారను కూడా చూడమంటావా?"

"దీనికి నోరెందుకు? ఊర్లో నోర్లు చాలవా?"

మరుసటి తెల్లవారుజామున మంచు దిగింది. చాచిన చెయ్యి చాచినవాడికే కనపడలేదు. నారప్ప అందరికంటే ముందే వచ్చి, కంపు కొడుతున్న డ్రైవరు సీట్లో కంబళి కప్పుకుని కూర్చున్నాడు. స్విచ్చి నొక్కాడు. మెత్తటి పసుపు నేల మీద పరుచుకుంది. దారి ఎక్కడిదాకానో, బావి ఎక్కడి నుంచో విడివిడిగా తెలిశాయి.

మంచులోంచి కంట్రాక్టరు బండి వచ్చి, ఆ పసుపును చూసి జంకి, కుడికి ఒదిగి, కిటికీలో ఆశ ముఖంతో సహా మలుపు దాటిపోయాక, ఏనాడో ఇంజనూ చక్రాలూ అమ్మేసి బావి పక్క చేలో ఇటికెల మీద నిలబెట్టిన తన వ్యాన్ దీపాలను నారప్ప ఆర్పాడు.