రేకు పగలగొట్టిన రాయి

"ఇది లోకేశ్వరత్త విసిరిన రాయి కాదు మా, ఉల్కాశిల!" తిరపతి యూనివర్సిటీవాళ్లు ఇచ్చిన కాగితాన్ని తల్లికి చూపించింది రూపశ్రీ.

"ఉల్కంటే ఆకాశంలో మెరుస్తా రాలేది కదే?"

"మెరిసేటప్పుడు ఉల్క. పూర్తిగా కాలిపోకుండా నేలమీద పడితే ఉల్కాశిల."

నాగరత్నమ్మ పశువుల కొట్టం మీద పగిలిన రేకునొకసారి, నల్లరాయినొకసారి చూసింది. మామిడికాయలకు రాయి విసిరి రేకు పగలగొట్టిందని పక్కింటి లోకేశ్వరితో ఆర్నెల్లుగా మాటల్లేవు.

రాయిని కొంగులో వేసుకుని పోయి, ఆ ఇంటి గడప ముందర నిలబడింది.

"లోకేశూ, ఇది ఆకాశంలో నుంచి పడిందంట. నువ్వు కాదంట."

లోకేశ్వరి రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "అట్లయితే ఇంక ఆర్నెల్లు ఆకాశంతో మాట్లాడొద్దు."

నాగరత్నమ్మ పక్కున నవ్వి అరుగుమీద చతికిలబడింది.

"కాఫీ పెట్టు మే. ఆర్నెల్ల మాటలు నాకాడ్నే ఉండాయి."