దడి పక్క బంగినపల్లి

"ఆ అంటు నాది. కింద పెట్టు!"

తిరుపతమ్మ మట్టిచేతులతోనే వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. పక్కింటి నాగేంద్రమ్మ వినిపించుకోలేదు. బండిలోంచి దింపిన బంగినపల్లి మామిడి అంటుమొక్కను పిడతతో సహా చంకన పెట్టుకుని, బండి పక్కనున్న ఖాజా మొహిద్దీన్ వైపు తిరిగింది.

"బండి ముందు ఎవరి గుమ్మంలో ఆగింది సాయిబూ? నా గుమ్మంలోనే గదా! అయితే మొక్క నాదే."

ఎడ్లపాడులో అంట్లు కట్టి, వానాకాలంలో నరసరావుపేట వీధుల్లో తిరిగి అమ్ముకునే ఖాజా మొహిద్దీన్ ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయాడు.

"తిరుపతమ్మా, తప్పు నాదే, ఇద్దరికీ చెరొకటి తేవాల్సింది. ఈ ఏడు బంగినపల్లి అంట్లు చానా చచ్చిపోయినయ్. మిగిలింది ఇదొక్కటే. చిన్నరసం తీసుకోమ్మా, పిండుకు తాగితే తేనె. సువర్ణరేఖ ఉంది, అందరికన్నా ముందు కాపుకొస్తది."

"నాకు బంగినపల్లే కావాల. పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే అదే వెయ్యమని పోయినేడు నువ్వే చెప్పావు. నెలనాళ్ళ నుంచి గొయ్యి తవ్వి, ఎరువేసి, నీ బండి కోసం కాసుక్కూచున్నా."

నాగేంద్రమ్మ పకపకా నవ్వింది. "ఊరగాయ ముక్కతో అన్నం తినే ఇంటికి బంగినపల్లి ఏందక్కయ్యా? పుల్లకాయ టెంక ఒకటి పాతిపెట్టుకో, చాలు. నీకు కనబడేట్టు దీన్ని దడి పక్కనే నాటిస్తాలే. చూసి సంతోషపడుదువుగాని."

వీధిలో చేరిన ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. మొక్క పోయినదానికన్నా ఆ నవ్వే తిరుపతమ్మను ఎక్కువగా కాల్చింది. ఇంట్లోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకుంది. నెలనాళ్ళుగా సిద్ధం చేసిన గోతిని సాయంత్రానికల్లా పూడ్చేసింది.

"చిన్నరసమన్నా తీసుకోకపోయావా?" అన్నాడు ఆమె భర్త హనుమయ్య.

"నా పెరట్లో మామిడి నాటను. దాని పెరట్లో మామిడి కాయనియ్యను. ఆ చెట్టున ఒక్క కాయ పండితే నా పేరు తిరుపతమ్మ కాదు."

"చెట్టేం పాపం చేసిందే?"

"చెట్టునేం చెయ్యను. బతకనిస్తా. బతికి గొడ్డుచెట్టై నిలబడాల. అది రోజూ నీళ్ళు పోసి పోసి ఏడవాల."

మాఘమాసంలో, నాగేంద్రమ్మ దడి పక్కన నాటిన రెండడుగుల మొక్క పూత పూసింది. మధ్యాహ్నం భర్త వెంకటకృష్ణయ్య భోంచేసి కొట్టుకు వెళ్ళాక నాగేంద్రమ్మ నడుం వాల్చడం తిరుపతమ్మకు తెలుసు. అటువైపు అలికిడి ఆగగానే దడి సందులోంచి చెయ్యి పెట్టి, పూతకొమ్మలు మొదలంటా తుంచి ఒడిలో వేసుకుంది. తెచ్చి పొయ్యిలో పడేసింది. అవి చిటపటలాడుతుంటే ఆమె ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

సాయంత్రం దడి అవతల శోకాలు మొదలయ్యాయి. "అయ్యో, పూతంతా పోయిందే! ఏ పాపిష్టి కళ్ళు పడ్డయ్యో!"

"మంచుకు రాలి ఉంటదిలే నాగేంద్రమ్మా, ఏం చేస్తాం!" అని ఇవతల నుంచి ఓదార్చి, తిరుపతమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

మళ్ళీ పూసింది. మళ్ళీ తుంచింది. మూడో ఏటికి కొమ్మలు చేతికి అందక దడి దాటాల్సి వచ్చింది. అసలే యుద్ధం రోజులు, బట్ట దొరకడమే గగనం. కంపకు పట్టుకుని చీర జానెడు చిరిగినా ఆమె లెక్కచెయ్యలేదు. ఒక్క పూతకొమ్మ కూడా మిగల్చకుండా తుంచుకునే ఇవతలికి వచ్చింది. ఆ ఎండాకాలం జర్మనీ యుద్ధం ఆగిపోయింది గాని, దడి దగ్గర యుద్ధం ఆగలేదు.

నాలుగో ఏడు చెట్టు చూరును దాటింది. ఆకు కనబడకుండా పూసింది. తిరుపతమ్మ కొంగు బిగించి, ఎక్కడానికి పీట కూడా సిద్ధం చేసుకుని దడి దగ్గరికి నడిచింది. అవతల నుంచి ఖాజా మొహిద్దీన్ గొంతు వినబడి ఠక్కున ఆగిపోయింది.

"మాషా అల్లా! ఏం చెట్టమ్మా ఇది! ఆ ఏడు ఈ పేటలో రకరకాల అంట్లు ఎనిమిదిళ్ళకు ఇచ్చా. లేత అంటు కాయల బరువు మొయ్యలేదు, మూడేళ్ళు పూసిన పూత పూసినట్టు తుంచెయ్యండి, బలమంతా మొక్కకే పోవాల అని అందరికీ చెప్పా. ఒక్కరూ ఇనలా. కాయల ఆశకు ఉంచుకున్నారు. అన్నీ గిడసబారిపోయినయ్. నీదొక్కటే ఇట్టా ఎదిగింది."

తిరుపతమ్మ చేతిలో పీట జారి కాలిమీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. పగదాని చెట్టుకు మూడేళ్ళు తన చేత్తోనే బలం పోసింది! సిగ్గుతో, కోపంతో ఆమె ఒళ్ళు మండిపోయింది.

"చేతికొచ్చిన పూతను తుంచడమంటే మాటలా! చానా గట్టి మనసమ్మా నీది," అన్నాడు ఖాజా మొహిద్దీన్.

"నాదా? పూత తుంచాలంటే నాకు చెయ్యి రాలేదు సాయిబూ," అంది నాగేంద్రమ్మ. అని, దడి ఇవతలికి వినబడేలా గొంతు పెంచింది. "అందుకే గదా మూడేళ్ళూ మధ్యాహ్నం పూట నేను దొంగనిద్ర పోయింది! ఏమక్కయ్యా, ఈ ఏడు మాత్రం తుంచమాకు!"